గోల ఆగితే

పోయినవారం బోర్డక్కను వైర్ల గదిలో, చేతిలో స్క్రూడ్రైవరుతో, దొంగలా అటూ ఇటూ చూస్తుండగా వదిలేసి వచ్చాం. వారం రోజులూ ఆవిడ అలాగే నిలబడి ఉంటుందేమోనని బెంగపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే క్షమించాలి. ఆమె దొంగతనానికి రాలేదు. హాలు తెరవడానికి పావుగంట ముందు, ఎవరూ చూడకుండా, తన చేత్తో తానే లైన్లు చెడగొట్టడానికి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే కథ నాలుగు ముక్కల్లో మళ్ళీ చెప్పుకోవాలి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళూ ఉంటారు కదా.

ఆ ట్రేడింగ్ హాల్లో అరవైమంది డీలర్లు. ఒక్కొక్కరి ముందూ ఒక ఫోను బోర్డు, దాని మీద వరసలు వరసలుగా బటన్లు. ఒక్కో బటనుకు ఒక్కో డైరెక్టు లైను. డయల్ చేసే పని లేదు, నొక్కితే అవతలి మనిషి పలకాలి. కొనడమైనా అమ్మడమైనా అక్కడ నోటిమాట మీదే జరుగుతుంది కాబట్టి, ఫోను మూగబోయిందంటే డీలరుకు చేతులు కట్టేసినట్టే. ఇరవై ఆరేళ్ళుగా అవే బోర్డులు నడుస్తున్నాయి. వాటిని చేసిన కంపెనీ ఈమధ్య ఉత్తరం రాసింది. నెలాఖరు నుంచి విడిభాగాలుండవు, బాగుచేసే మనుషులూ ఉండరు, ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు అని.

కొత్త బోర్డులు ఎవరి దగ్గర కొనాలి, చెడితే ఎవరొచ్చి చూడాలి అన్నది తేల్చి సంతకం పెట్టాల్సింది ఫోన్ల విభాగం చూసే బోర్డక్క. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా నోరారా అక్కా అనే పిలుస్తారు. మొదట్లో ఆమె ఉడుక్కునేది, తర్వాత అలవాటైపోయింది.

పోటీలో మిగిలినవి రెండు కంపెనీలు. పెద్ద కంపెనీ తెచ్చింది గాజు పలకలాంటి బోర్డు. బటన్లే లేవు, వేలితో తాకితే చాలు. చెడితే ఒక నంబరుకు ఫోన్ చెయ్యాలి, ఎక్కడో కూర్చున్న మనిషి ఫిర్యాదు రాసుకుంటాడు. చిన్న కంపెనీ తెచ్చింది మళ్ళీ బటన్ల బోర్డే, పాతదానికి కాస్త ఒళ్ళు తగ్గిన చెల్లెలు. కానీ వాళ్ళొక మాట ఇచ్చారు. మా మనిషి పని గంటలన్నీ మీ హాలు పక్కనే ఉంటాడు అన్నారు. ఆ మనిషి ఎవరయ్యా అంటే, బాబాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. బాబాయి పాత కంపెనీ మెకానిక్కు. ఆ హాలు వైర్లన్నీ ఆయన చేతిమీదుగా వేసినవే. కంపెనీ ఉత్తరంతోపాటు ఆయనకూ సెలవిచ్చేస్తే, చిన్న కంపెనీ మర్నాడే పిలిచి పనిలో పెట్టుకుంది. బోర్డక్కకు ఆయన రక్తసంబంధం కాదు. కానీ పంతొమ్మిదేళ్ళ వయసులో, ఫోను ఎత్తడం తప్ప ఏమీ రాని పిల్లగా ఆమె ఆ హాల్లో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. ఆమె కూతురైతే ఆయన్ని బాబాయి తాత అంటుంది. ఆ వరస ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ దిద్దనూ లేదు. ఇప్పుడు చిన్న కంపెనీకి సంతకం పెడితే, సొంతమనిషికి కుర్చీ వేయించిందని రేపు పదిమందీ అనరా? పెద్ద కంపెనీకి పెడితే, అరవై దాటిన బాబాయి ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవాలి.

అందుకే ఈ పరీక్ష. రెండు కంపెనీల నమూనా బోర్డులూ నాలుగేసి లైన్లతో వారంగా హాల్లోనే ఉన్నాయి. ఈ వారంలో ఏదో ఒక పూట లైను పోతుంది, ఎవరు ఎంతలో బాగుచేస్తారో చూస్తాను అని ఇద్దరికీ ముందే చెప్పింది. ఆ పొద్దున ఫ్రేము దగ్గర, అంటే బయటి తీగలూ హాలు తీగలూ కలిసే ఆ ఇనప చట్రం దగ్గర, చెరొక లైనులో ఒక్కో తీగ వెంట్రుకవాసి వదులు చేసి, చీరచెంగుకు చెయ్యి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేసింది.

తొమ్మిదింటికి హాలు తెరుచుకుంది. తొమ్మిదీ అయిదుకు పెద్ద కంపెనీ నంబరుకు ఫోన్ చేసింది. కాసేపు సంగీతం వినిపించారు. తర్వాత ఒక గొంతు, ఎంతో మర్యాదగా, బోర్డు ఒకసారి ఆపి మళ్ళీ వేశారా అని అడిగింది. వేశానంది. ఇంకోసారి వేయమంది. ఆపైన పదకొండంకెల ఫిర్యాదు నంబరు చెప్పి, భద్రంగా రాసుకోమంది. నలభై ఏడు నిమిషాలకు ఒక మెకానిక్కు వచ్చి, వైర్ల గది ఎటువైపండీ అని అడిగాడు. ఆ కంపెనీ తరఫున తిరిగే అమ్మకాలాయన్ని హాల్లో అందరూ చిరునవ్వు అంటారు, ఎవరైనా తిట్టినా అది చెరగదు కాబట్టి.

"నలభై ఏడంటే చూడండి మేడమ్, మేం రాసిచ్చిన గంట కంటే పదమూడు నిమిషాలు ముందే!" అన్నాడాయన.

"అవునండీ, ఆ పదమూడు నిమిషాలూ ఏం చేసుకోవాలో డీలర్లనే అడుగుదాం," అంది బోర్డక్క. చిరునవ్వు ఇంకాస్త నవ్వాడు.

బాబాయికి పట్టింది ఆరు నిమిషాలు. ఆమె పిలిచింది, ఆయన టెస్టు ఫోను చెవికి పెట్టుకుని ఫ్రేము ముందు నిలబడ్డాడు, వేలు పెట్టాడు, బిగించాడు. గుమ్మంలోంచి చూస్తున్న బోర్డక్కకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా మనిషి మారలేదని గర్వమేసింది. దానితోపాటే ఒక చిన్న సంగతి కూడా కంటపడింది, చొక్కా లోపల దూరిన చీమలా అది ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఎలా కూర్చోనిస్తుంది? లైను వినడం నేర్పింది ఆయనే కదా. పనిలో చేరిన మొదటి నెలంతా ఆమెను ఈ గదిలోనే నిలబెట్టి, కళ్ళు మూసుకోమని, టెస్టు ఫోను చెవికి పెట్టేవాడు. మంచి లైనుకు ఖాళీ కుండ చెవిన పెట్టుకున్నట్టు ఒక హోరు ఉంటుంది. అతుకులో తడి చేరితే గరగరమంటుంది. తీగ వదులైతే ఆగి ఆగి టిక్కుమంటుంది. ఏదో చెప్పు చూద్దాం అనేవాడు. సరిగ్గా చెబితే తన బిస్కెట్ల పొట్లంలోంచి రెండిచ్చేవాడు, తప్పు చెబితే ఆ రెండూ ఆమె ఎదుటే తినేవాడు. వినకుండా ఫ్రేము మీద చెయ్యి వేసినందుకు ఒకసారి వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చాడు కూడా. ఆమె ఏడిస్తే పొట్లం మొత్తం చేతిలో పెట్టి, తను హాల్లోకి వెళ్ళి గంటసేపు రాలేదు.

ఇంకో పాఠం ఉంది, అన్నిటికంటే ముఖ్యమైనది. వైర్ల గదికీ హాలుకీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. అరవైమంది అరుపులూ రోజంతా దానిగుండా వస్తూనే ఉంటాయి.

"ఈ గోలకు భయపడకు అమ్మాయ్. ఇది ఉన్నంతసేపూ మనకు పని లేదు," అని చెప్పాడు మొదటిరోజే. "గోల ఆగిందనుకో, పరిగెత్తు. ఫోన్లన్నీ ఒక్కసారి పోతే ముందు అందరూ నోరు మూసుకుని చేతిలో రిసీవరు వంక చూస్తారు. అయిదు లెక్కపెట్టేదాకా అలాగే ఉంటారు. ఆరో అంకెకు మనల్ని తిట్టడం మొదలెడతారు. ఆ అయిదులోపు మనం తలుపు దాటి ఉండాలి."

అన్నట్టే చేసేవాడు. టీ తాగుతున్నా, మాట్లాడుతున్నా, ఒకసారైతే కుర్చీలో కునుకు తీస్తున్నా సరే, గోల తెగిన క్షణాన ఎగిరి పడేవాడు. రెండు లెక్కపెట్టేసరికి గదిలో ఆయన ఉండేవాడు కాదు, టీ గ్లాసు ఒక్కటే ఊగుతూ ఉండేది. ఆయన వెనక సంచీ పట్టుకుని పరిగెత్తిన రోజులు తలుచుకుంటే బోర్డక్కకు ఇప్పటికీ కాళ్ళలో ఉత్సాహం వస్తుంది. అంత నిండుగా మళ్ళీ ఎప్పుడూ బతకలేదేమో అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆమె ఇక ఉండబట్టలేక వైర్ల గదికి వెళ్ళింది. బాబాయి స్టూలు మీద కూర్చుని తీగ చుట్టుకుంటున్నాడు. ఆమె నీడ పడగానే తలెత్తి, నవ్వి, పక్కనున్న కుర్చీ తన ఎడమవైపుకు లాగాడు.

"బాబాయ్, ఒకటి అడుగుతాను. కోప్పడకూడదు."

"కోపం పొద్దున్నే మీ పిన్ని దగ్గర పెట్టేసి వచ్చాలే. అడుగు."

"పొద్దున లైను ఎలా పట్టుకున్నారు?"

"ఇదిగో, ఈ చేత్తో."

"హాస్యాలొద్దు. ఫోను చెవి దగ్గరుంది గానీ, దాని క్లిప్పు మీరు తీగకు తగిలించనేలేదు. కింద వేలాడుతూ ఉంది. నేను చూశాను."

బాబాయి ఆమె మొహంలోకి చూశాడు. ఈమధ్య ఆయన ఎవరితో మాట్లాడినా అలాగే చూస్తున్నాడు, కళ్ళార్పకుండా. వయసొచ్చేకొద్దీ ప్రేమ ఎక్కువవుతోందని ఆమె మురిసిపోయేది. ఆయన గబుక్కున లేచి, ఆమె మణికట్టు పట్టుకుని ఫ్రేము దగ్గరికి లాక్కెళ్ళాడు.

"బయటి తీగల ఈ వరస ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళ దుమ్ము. చూడు, అంతటా ఉందా? ఇక్కడ లేదు. ఇదిగో, రెండు వేళ్ళ మేర. అవీ సన్నటి వేళ్ళు, నావి కాదు. ఇన్నేళ్ళు నా దగ్గర పని నేర్చుకున్నావు, దొంగపని చేసేటప్పుడు దుమ్ము జోలికి పోకూడదని తెలీదుటే?"

బోర్డక్క బిత్తరపోయింది, ఆ వెంటనే పకపకా నవ్వింది. "మరి ఆ ఫోను చెవికెందుకు పెట్టుకున్నట్టు?"

"నువ్వు గుమ్మంలో ఉన్నావుగా. చెవిన ఫోను లేకపోతే బాబాయికి అందమేముంది? కంటికి కనబడేదానికి చెవులెందుకమ్మా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. వినకుండా చెయ్యి వేయకూడదని స్కేలుతో కొట్టిన మనిషి ఈయనే కదా అని లోపల ఎవరో గొణిగారు గానీ, ఆమె వాళ్ళ నోరు మూసేసింది. ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే. నలభై ఏడు నిమిషాల వాళ్ళకు లేని అనుమానాలు ఆరు నిమిషాల మనిషి మీద ఎందుకు? ఆ మాట అనుకున్నాక గుండె తేలికపడింది. సీటుకు వెళ్ళి, కొనుగోళ్ళ కమిటీకి ఇవ్వాల్సిన కాగితం చిన్న కంపెనీ పేరు మీద రాసి సంతకం పెట్టేసింది.

రెండింటికి ఆ కాగితం కోసం ఉరుము స్వయంగా వచ్చాడు. ఉరుమంటే చీఫ్ డీలరు. ఆయన మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళు ఆ కంపెనీలో లేరు. మంగళవారం గాజు బోర్డు మీద ఆయన చేసిన ఘనకార్యం హాలంతా ఇంకా చెప్పుకుంటూనే ఉంది. పాత బోర్డులో మూడో వరస చివరి బటను నొక్కితే లైను తెగుతుంది. గాజు బోర్డులో అదే చోట హాలు మైకు ఉంది. ఉరుము ఒక పెద్ద ఖాతాదారుతో మాట్లాడి, వేలు అలవాటుగా అక్కడికే పోయి, ఫోను పెట్టేశాననుకుని, "వీడితో ముప్పావుగంట మాట్లాడేకంటే వీళ్ళావిడతో ఒక్క నిమిషం మాట్లాడితే పని అయిపోయేది!" అన్నాడు. అరవై స్పీకర్లు ఆ మాట చెప్పాయి. ఆ ఖాతాదారు ఇంకా లైన్లోనే ఉన్నాడు. నిజమేనండీ, ఆవిడకే ఇస్తానుండండి అన్నాడట.

అంత జరిగినా ఉరుము గాజు బోర్డును ఏమీ అనలేదు. "బోర్డుదేముందక్కా, వేళ్ళు నాలుగు రోజుల్లో నేర్చుకుంటాయి," అన్నాడు కాగితం అందుకుంటూ. "లైను పోతే ఎంతసేపు? నాకు కావలసింది అదొక్కటే. ఆ తొమ్మిది నిమిషాలు మీకు గుర్తుండే ఉంటాయి."

ఎందుకుండవు? నాలుగేళ్ళ కిందట బాబాయి సెలవులో ఉన్న ఒక్క రోజున మూలసీటు డీలరు లైన్లు తొమ్మిది నిమిషాలు పోయాయి. ఆ నష్టానికి సాయంత్రానికల్లా ఆ డీలరు ఉద్యోగం పోయింది. అతను ఉరుముకు స్వయానా బావమరిది. ఆ సీట్లో ఉరుము ఇంతవరకూ ఇంకొకరిని కూర్చోనివ్వలేదు.

ఆయన కాగితంలోని ఆఖరి వాక్యం గట్టిగా, అంటే మామూలుగా, చదివాడు. "లైన్లలో తేడా వస్తే డీలర్లు పిలవకముందే విని పరిగెత్తుకు వచ్చే మనిషి ఈ కంపెనీ దగ్గర ఉన్నాడు. ఆయన సంగతికి పూచీ నాది." చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఈ మాట చాలు. నాలుగింటికి కమిటీలో దీని మీద నేను నిలబడతాను. మీరు నిలబెడుతున్నారు, గుర్తుంచుకోండి."

బోర్డక్క ఆ కబురు మోసుకుని వైర్ల గదికి దాదాపు పరుగున వెళ్ళింది. బాబాయి అల్మారా వైపు తిరిగి, వీపు గుమ్మానికి పెట్టి, సంచీ సర్దుకుంటున్నాడు. ఆమె బాబాయ్ అని పిలిచింది. పలకలేదు. సంచీలో తలపెట్టి ఉన్నాడులే అనుకుని, దగ్గరికి వెళ్ళి ఆయన ఎదుట నిలబడి చెప్పింది. ఆయన మొహం విప్పారింది. ఆనందం కనబడనివ్వడం ఇష్టంలేని మనిషి, వెంటనే మళ్ళీ సంచీ వైపు తిరిగిపోయి చొక్కా కబుర్లు ఎత్తుకున్నాడు.

"చిన్న కంపెనీ వాళ్ళు చొక్కా ఇచ్చారమ్మాయ్. భుజాలు ఇంత వదులు. మీ పిన్ని రాత్రంతా విప్పి కుట్టింది. జేబు మీద వాళ్ళ పేరు చిన్నగా ఉందని, పక్కన నా పేరు కూడా కుడతానంటుంది. వద్దే, పెళ్ళికొడుకునా ఏమిటి అంటే వినదు..."

బోర్డక్క నవ్వుతూ వింటోంది. చెక్క గోడ అవతల హాలు ఎప్పటిలాగే హోరెత్తిపోతోంది.

గోల ఆగిపోయింది.

తగ్గడం కాదు, కత్తెరతో కత్తిరించినట్టు ఒక్కసారిగా ఆగింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ బోర్డక్క పరిగెత్తలేదు, పక్కకు తప్పుకుంది. బాబాయికి దారి ఇవ్వాలి కదా. ఆయన ఎగిరి పడతాడు, తను సంచీ అందుకుని వెనకే పరిగెత్తాలి. ఒకటి.

"...జేబు మీద పేరెందుకే, నన్నెరగనివాళ్ళు ఆ హాల్లో ఎవరున్నారు అన్నాను..."

రెండు. మూడు. బాబాయి చేతులు తీరిగ్గా తీగ చుట్ట సంచీలో సర్దుతున్నాయి. ఆమెకు పిన్ని గుర్తొచ్చింది. మొన్న ఫోన్లో, మీ బాబాయి టీవీ పెడితే వీధి చివరిదాకా వినబడుతోందే అని నవ్విన పిన్ని. ఎడమవైపుకు లాగే కుర్చీ గుర్తొచ్చింది. కళ్ళార్పకుండా మొహంలోకి చూసే చూపు గుర్తొచ్చింది. అది ప్రేమ ఎక్కువై కాదు. ఆయన పెదాలు చూస్తున్నాడు.

నాలుగు.

"...అయినా కుట్టనీలే, ముచ్చటపడుతోంది..."

అయిదు. గోడ అవతల అరవై గొంతులు ఒక్కసారి లేచాయి, లైన్లేవీ, ఎవరక్కడ అంటూ. బాబాయి సంచీ జిప్పు లాగుతున్నాడు. ఆయనకు వినబడలేదు. గోలా వినబడలేదు, గోల ఆగడమూ వినబడలేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "బాబాయ్!" అని ఉరుము అరిచాడు. నాలుగు గదుల అవతలి మనిషైనా ఉలిక్కిపడే అరుపు. రెండు గజాల దూరంలో ఉన్న వీపు కదల్లేదు.

బోర్డక్క బాబాయి భుజం తాకింది. ఆయన తిరిగి ఆమె మొహం చూశాడు. ఒక్క మాట చెప్పనక్కర్లేకపోయింది. సంచీ భుజాన పడింది, ఉరుమును పక్కకు తోసుకుంటూ, ఎప్పటి బాబాయిలాగే తలుపు దాటి పరిగెత్తాడు. ఆలస్యమైంది పన్నెండు లెక్కపెట్టేంత సేపే.

ఆమె కూడా వెనకే కదలబోయింది. ఉరుము గుమ్మంలోంచి తప్పుకోలేదు. ఆయన చెయ్యి చొక్కా జేబులో మడిచిపెట్టిన కాగితం మీద ఉంది. హాలంతా ఆయన వెనక గగ్గోలు పెడుతుంటే, ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో ఆయన అడిగాడు.

"సంతకం పెట్టేటప్పుడు మీకు తెలుసా అక్కా?"